అశ్విని చేసిన ప్లాస్మిడ్

అశ్విని బ్లీచ్ సీసా మూత తీసింది. ఎదురుగా ఐసు డబ్బాలో సన్నటి గొట్టాలు. వాటిలో ఆమె పెంచిన బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియాలో ఆమె కూర్చిన ప్లాస్మిడ్, గుండ్రటి చిన్న డీఎన్ఏ. అది చెప్పినట్టల్లా బ్యాక్టీరియా ఒక యాంటీబాడీ ముక్కను తయారుచేస్తుంది. ఆ ముక్క కట్లపాము విషాన్ని పట్టుకుని వదలదు. ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు గానీ, ఎప్పటికైనా రక్తంలో విషముందో లేదో చెప్పగల పరీక్ష దాంతో తయారుకావచ్చు.

ఆమె తండ్రి పరదేశి రావికమతంలో చెరకు కొట్టేవాడు. కడుపునొప్పని ఆస్పత్రికి వెళితే, నిద్రలో పడ్డ కట్లపాము కాటు పైకి కనబడక, గ్యాసని మాత్రలిచ్చి పంపారు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరాగిపోయింది.

ఆ కసితోనే ఆమె ఎమ్మెస్సీ చదివి, రిటైర్డ్ ప్రొఫెసర్ వేంకటరమణమూర్తి చోడవరంలో పెట్టిన ల్యాబులో చేరింది. చెరకు కూలికి మించని జీతం. ఈ ఉదయం పరిశోధనాపత్రం అచ్చయి వచ్చింది. అందులో మూర్తి పేరుంది, ఆయన కొడుకు కేదార్ పేరుంది. ఆమె పేరు లేదు. అడిగితే మూర్తి నవ్వాడు.

"వంటమనిషి పేరు శుభలేఖలో వేస్తారటమ్మా? మన ప్లాస్మిడ్ కొనడానికి హైదరాబాదు కంపెనీవాళ్లొస్తున్నారు. కాఫీ సంగతి చూడు."

బ్లీచ్ పోస్తే అంతా చస్తుంది. కొనడానికొచ్చినవాళ్ల ముందు తండ్రీకొడుకులు ఉత్త చేతులతో నిలబడతారు. ఆ ఊహే తియ్యగా ఉంది. సీసా వంచబోయింది. రెప్పలెత్తలేక తండ్రి పడ్డ పాట్లు కళ్లముందు మెదిలాయి. మూత బిగించింది. కసి మాత్రం చల్లారలేదు.

కాఫీ ట్రే పట్టుకుని లోపలికెళ్లేసరికి, ఇన్ని యాంటీబాడీ ముక్కల్లో ఈ ఒక్కదాన్నే ఎలా ఏరారని కంపెనీ తాలూకు మేడమ్ కేదార్‌ని అడుగుతోంది. అతను తండ్రి ముఖం చూశాడు.

"ట్రే అక్కడ పెట్టి వెళ్లమ్మా," అన్నాడు మూర్తి.

"ఎల్లను సార్. ఇది సేసింది నేను. మీ అబ్బాయి గొట్టమైనా ముట్టలేదు. నా పేరు ఎయ్యకుండా దీన్ని ఎవులికీ అమ్మనివ్వను."

మూర్తి ముఖం పాలిపోయింది. అశ్విని తనివితీరా చూసింది. ఉద్యోగం పోతుందని తెలుసు. ఆ గదిలో ఆమెను ఎవరూ ఎన్నడూ కూర్చోమనలేదు. కుర్చీ లాక్కుని మూర్తికెదురుగా కూర్చుంది.

"అడగండి మేడమ్."

గోడమీది తెరపై కేదార్ పేరు పెద్ద అక్షరాల్లో వెలుగుతూనే ఉంది.