పెద్దకోడలి దయ్యం గొంతు

"కాలర్ సరిగ్గా రాలేదు," అని నేను ఇస్త్రీ చేసిన చొక్కాను నా భర్త మళ్లీ నా ముందు పడేసి, వెళ్లి సోఫాలో కూర్చున్నారు. ఆదివారం మధ్యాహ్నం. మా కూతురు ఇంటర్నెట్‌లో ఎక్కడో పట్టిన పాత దయ్యాల సీరియల్ టీవీలో పెట్టింది. పేరు పడగానే నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఆయన నా వైపు ఒక్క చూపు చూశారు. నోరు మెదపకు అని దాని అర్థం.

పెళ్లికి ముందు నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. ఆ సీరియల్లో మేడగదిలో బంధించిన పెద్దకోడలి దయ్యానికి గొంతు నాదే. సంబంధం కుదిరాక ఆయన, "మా అమ్మకు తెలిస్తే బాగోదు. టైపిస్టుగా చేశానని చెప్పు," అన్నారు. చెప్పాను. తర్వాత స్టూడియో వాళ్లు ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి, "ఆవిడ మానేసింది," అనేవారు. నేను వంటింట్లోంచి వినేదాన్ని.

తెరమీద తుఫాను. కిటికీలు టపటపా కొట్టుకుంటున్నాయి, కొవ్వొత్తి మాత్రం చలించదు. తలుపు వేస్తే గోడంతా ఊగింది. "రాతిమేడంట! అట్టపెట్టె!" అని మా కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ మేడ యజమాని దొరగారి మీసం ఒకవైపు ఊడింది. దాన్ని వేలితో నొక్కిపట్టుకుని, అలాగే వంశాన్నంతా శపించాడు పాపం. ఆ సీను దగ్గర నవ్వాపుకోలేక ఎన్ని టేకులు చెడగొట్టానో! ఇప్పుడూ నవ్వు తన్నుకొచ్చింది. తలవంచి చొక్కామీద నీళ్లు చల్లాను.

"ఇదిగో, ఇప్పుడొస్తుంది చూడు," అంటూ మా అత్తగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఆ దయ్యం అరుపు కోసం పొయ్యి ఆపేసి మరీ కూర్చునేదాన్ని."

ఆవిడ ఈ సీరియల్ చూసేవారని నాకిన్నేళ్లూ తెలియదు.

"పిచ్చి సీరియల్. మార్చమ్మా," అన్నారు ఆయన కూతురితో.

"నువ్వుండరా!" అన్నారు అత్తగారు.

మేడగది తలుపు సందులో దయ్యం నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే శబ్దం పోయింది. పాత టేపు కాబోలు, పెదాలు ఊరికే కదులుతున్నాయి.

"అయ్యో, అసలు చోటే పోయిందే!" అన్నారు అత్తగారు.

ఆయన హాయిగా ఊపిరి వదిలి, వెనక్కి వాలారు. నా గొంతు వినపడకపోతే ఈ మనిషికి ఇంత సుఖమా! ఒళ్లు మండిపోయింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆ పెదాల కదలికకు సరిగ్గా పట్టి అరిచాను.

"తలుపు తియ్యండి! నేను చావలేదు. నన్ను దయ్యమన్నది మీరే! తియ్యండి తలుపు!"

మా కూతురి చేతిలో రిమోట్ జారిపోయింది. అత్తగారు గుండెమీద చెయ్యేసుకున్నారు.

"ఆ గొంతే! నువ్వటే?"

"నేనే అత్తయ్యా."

"మరి టైపిస్టునన్నావు?"

ఆయన కళ్లతో బతిమాలారు. ఎప్పుడూ అలా చూడగానే సర్దిచెప్పేదాన్ని.

"ఎందుకలా చెప్పించారో మీ అబ్బాయినే అడగండి," అన్నాను. "ఆయన కోసం అబద్ధాలాడటం ఇవాళ్టితో మానేశాను."