పృథ్వీ గారి సలహాలు

వ్యాన్ చేతికి రావడానికి ఇంకా వారం ఉందనగా హారతి, భానుతేజ సలహా అడగడానికి పెద్దాపురం వెళ్ళారు. రాజమహేంద్రవరంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పాత టెంపో ట్రావెలర్‌లో మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చుకుని, ఏడాదో రెండేళ్ళో దేశమంతా తిరగాలన్నది వాళ్ళ ఆలోచన. భానుతేజ వాళ్ళ బట్టల కొట్టు తమ్ముడికి అప్పజెప్పాడు. దారిలో వీడియోలు తీసి ఛానల్ నడుపుతానన్నాడు. హారతి అప్పటికే ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతోంది. గదిలో చెప్పే పాఠం బండిలో చెప్పలేమా అనుకుంది. నిజానికి ఈ ప్రయాణం మాట మొదట ఎత్తింది ఆమే.

పృథ్వీ, సాయిప్రసన్న అలాంటి బండిలోనే రెండేళ్ళు తిరిగి, కిందటి వేసవిలో ఇల్లు చేరారు. వాళ్ళు పెట్టిన వీడియోల ద్వారా పరిచయం. పృథ్వీ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. కూర్చోగానే మొదలుపెట్టాడు.

"రాత్రిళ్ళు పెట్రోల్ బంకులో ఆపుకోండి. ముందు మేనేజర్‌ని అడగాలి, ఎవరూ కాదనరు. రెండు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. బ్యాటరీ దగ్గర మాత్రం పిసినారితనం వద్దండి."

భానుతేజ తలూపుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడు.

"మరి పని సంగతేంటండీ?" అంది హారతి.

"పనిదేముందండీ! పొద్దున్నే కాసేపు కూర్చుంటే అయిపోతుంది. మాకేం ఇబ్బంది రాలేదు."

లోపల గిన్నె చప్పుడైంది. హారతి సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళింది. సాయిప్రసన్న కాఫీ కలుపుతోంది. తల తిప్పకుండానే అడిగింది.

"మీ క్లాసులు ఎప్పుడండీ?"

"సాయంత్రాలండి. చీకటి పడేదాకా ఉంటాయి."

"ఆ టైముకి బండి ఆపుతానని మీ ఆయన మాటిచ్చారా?"

"మాటివ్వడమేంటండీ? ఆపుతారు కదా."

సాయిప్రసన్న గొంతు తగ్గించింది. "మా ఆయన ఉద్యోగం మూడో నెల్లోనే పోయిందండి. ఆ తర్వాత నాదొక్కటే. ఇన్సూరెన్స్ కంపెనీ పని. ఆయన ఎక్కడికి పోదామంటే అక్కడికి పోవాల్సిందే. కదిలే బండిలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, కవర్లో వాంతి చేసుకుంటూ చేశాను. ఇంకోటండీ, నీళ్ళు తాగడం మానకండి. బాత్రూంకి దిగడానికి చోటుండదని మనం మానేస్తాం. పోట్లాడుకుంటే వెళ్ళి తలుపేసుకోవడానికి పక్కగది కూడా ఉండదు."

"అయితే వెళ్ళొద్దంటారా?"

"అలా అనట్లేదు. ఏ మాటైనా ఇక్కడే తేల్చుకోండి. బండెక్కాక ఎవరూ వినరు."

తిరిగొచ్చేటప్పుడు కార్లో భానుతేజ అడిగాడు, "లోపల ఏంటి అంతసేపు?"

హారతి చెప్పింది. ఉత్తినే చెప్పలేదు. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని దానిమీద వేళ్ళు ఆడిస్తూ, బుగ్గలు ఉబ్బించి, వాంతి వచ్చినట్టు నటిస్తూ చెప్పింది. భానుతేజ నవ్వు ఆపుకోలేక కారు పక్కకి ఆపాడు. "ఆవిడకి ఎక్కడున్నా ఏడుపేనట. పృథ్వీ గారే చెప్పారు," అన్నాడు. హారతి మళ్ళీ చేసి చూపించింది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. అరకు దాటి ఒరిస్సా కొండల్లోకి వెళ్ళారు. పొద్దున్నే వెనక తలుపు తీస్తే లోయ నిండా మంచు. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతుంటే హారతి కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చుని, ఇలాంటి బతుకు ఎంతమందికి దొరుకుతుంది అనుకునేది.

ఒక సాయంత్రం సిగ్నల్ బాగున్న చోట ఆగారు. పిల్లలందరూ తెరమీదికి వచ్చారు. హారతి వృత్తాలకి స్పర్శరేఖలు మొదలుపెట్టింది. ఇంజన్ స్టార్టయింది.

"ఏవండీ, క్లాసు!"

"పొద్దుగూకేలోగా జలపాతం దగ్గరుండాలి హారతీ. ఆ వెలుగు మళ్ళీ దొరకదు. ఇవాళ్టికి రికార్డు చేసి పంపెయ్."

బండి మలుపు తిరిగింది. పిల్లల మొహాలు ఒక్కొక్కటే కదలకుండా నిలిచిపోయాయి. రికార్డు చేసి పంపెయ్ అన్న మాట ఆ తర్వాత చాలాసార్లు వింది. తల్లులు ఫోన్లు చేశారు. మొదట మర్యాదగా, తర్వాత ముక్తసరిగా. రెండో నెల తిరిగేసరికి సగంమంది మానేశారు. భానుతేజ వీడియోల మీద పైసా రాలేదు కానీ, "నీ పని వల్ల షూటింగ్ చెడుతోంది" అనే మాట మాత్రం వచ్చింది.

నీళ్ళ సంగతి ఆమె గమనించుకోనేలేదు. మధ్యాహ్నం నుంచే తాగడం తగ్గించేసింది. చలిజ్వరం వచ్చి, నడుం దగ్గర కత్తితో పొడిచినట్టయినప్పుడు ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రిలో చేర్చారు. కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకిందన్నారు.

మర్నాడు సెలైన్ ఎక్కుతుండగా ఫోన్ చూసుకుంటే ఛానల్లో కొత్త వీడియో. దాని పేరు 'దారిలో కష్టాలు, మా హారతి ధైర్యం'. తెరిచింది. ఆస్పత్రి మంచం మీద తను. నోరు తెరుచుకుని, చెంప మీద చొంగ కారుతూ నిద్రపోతోంది. కెమెరా నెమ్మదిగా పాదాల దాకా వెళ్ళి మళ్ళీ మొహం మీదికి వచ్చింది. వెనక వేణువు.

"తీసెయ్యండి," అంది.

భానుతేజ నారింజ ఒలుస్తున్నాడు. "అందరూ నువ్వు కోలుకోవాలనే రాస్తున్నారు, చదువు. మన వీడియో ఇంతమంది ఎప్పుడూ చూడలేదే."

హారతి ఫోన్ బోర్లా పెట్టేసింది. డిశ్చార్జ్ అయ్యాక వైజాగ్ బస్సెక్కింది. కోపం తగ్గితే వస్తుందిలే అన్న నమ్మకంతో అతను ఆపలేదు. బస్సు కదిలేటప్పుడు అతని చేతిలో ఫోన్ పైకి లేచింది. చెయ్యి ఊపుతున్నాడో, వీడియో తీస్తున్నాడో ఆమెకి తెలియలేదు.

తునిలో అక్క ఇంట్లో ఉండి కాస్త తేరుకున్నాక, హారతి ఒక్కతే పెద్దాపురం వెళ్ళింది. సాయిప్రసన్న తలుపు తీసి, కూర్చోమనకుండా నిలబడింది.

"మీరు చెప్పినప్పుడు నేను వినలేదండి," అంది హారతి.

"వినకపోవడమెందుకండీ, శ్రద్ధగానే విన్నారు. నేను వాంతి చేసుకున్నది చేసి చూపించారటగా. మీ ఆయన ఫోన్లో చెబితే మా ఆయన స్పీకర్ పెట్టి వినిపించాడు. పడీపడీ నవ్వాడు."

హారతి క్షమించమని అడగడానికే వచ్చింది. ఇప్పుడా మాట ఎలా అనాలో తెలియక కళ్ళు పక్కకి తిప్పుకుంది. హాల్లో అట్టపెట్టెలు, చుట్టిన పరుపు, కొత్త నీళ్ళ డబ్బాలు ఉన్నాయి.

"ఏంటండీ ఈ సామాన్లు?"

"మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి గుజరాత్ వైపు."

"మీరా? అన్నీ తెలిసి?"

సాయిప్రసన్న మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "ముక్కూమొహం తెలియని మనిషికి వంటింట్లో చెప్పడం తేలికండి. ఇంట్లో మనిషికి చెప్పడానికే నాకు నోరు రాదు. మీరైనా మీ ఆయన్ని ఒప్పించుకుంటారేమో, అలా జరగడం ఒక్కసారి కళ్ళారా చూద్దామనుకున్నాను."

బయట మోటార్ సైకిల్ ఆగింది. పృథ్వీ చేతిలో సంచితో లోపలికొచ్చి మొహమంతా వెలిగించుకున్నాడు.

"ఏవండోయ్ హారతిగారూ! ఒంట్లో ఎలా ఉంది? వీడియో అదిరిపోయిందండీ. సరిగ్గా టైముకి వచ్చారు. మేం బయల్దేరుతున్నాం. మీరైతే ఇప్పుడే దారి చూసొచ్చిన మనిషి. చెప్పండి, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?"

హారతి సాయిప్రసన్న వైపు చూసింది. ఆవిడ వంగి అట్టపెట్టెకి తాడు కడుతోంది.

"మీ ఆవిడ్ని అడగండి," అంది హారతి.

"అడక్కుండా ఎలా ఉంటానండీ? తనకేం అభ్యంతరం లేదంది. కదూ, ప్రసన్నా?"

సాయిప్రసన్న తాడు చివర పంటితో పట్టుకుని ముడి బిగించింది. ముడి పడ్డాక, "ఆఁ," అంది.