ఏంజెల్ ఇసుక

మా కోనసీమలో ఎదుటిమనిషి మొహం మీద "వద్దండీ" అనడం కన్నా నూతిలో దూకడం తేలిక. అంగన్‌వాడీ టీచరు పుష్పలత మునిగింది కూడా ఆ మొహమాటంలోనే.

కొత్తపేట దగ్గర ఓ ఊళ్లో ఆవిడ కేంద్రం. దాని వెనక చిన్న దొడ్డి. అందులో ఇసుక పోయించి, గాలివానకి పడిపోయిన కొబ్బరిమాను అడ్డంగా వేయించి, పక్కన బంకమన్ను కుప్ప పెట్టించింది. పిల్లలు కొబ్బరిమట్ట మీద ఒకళ్లనొకళ్లు కూర్చోబెట్టుకుని ఈడ్చుకునేవారు. మూడేళ్ల ఏంజెల్‌కి ఎడమకాలు బలహీనం. లోపల గచ్చు మీద పడతానని భయంతో గోడకి అంటుకుపోయేది. ఇసుకలో పడితే మాత్రం నవ్వేది. మాను పట్టుకుని లేచేది, మళ్లీ పడేది. ఈమధ్యే చెయ్యి వదిలేసి నడిచింది కూడా. ఆ వేళ పుష్పలత కొంగుతో కళ్లొత్తుకుంది.

అదిగో, అప్పుడొచ్చారు సుబ్బరాజుగారు. పెద్ద రైతు, మంచి మనిషి. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు, మంచివాడితో ఏం పోట్లాడతాం!

"టీచరమ్మా, మా అమ్మగారి పేరున పిల్లలకి ఏదైనా చేద్దామనండీ. ఈ మట్టీ మశానం తీయించేసి, శుభ్రంగా సిమెంటు చేయించేస్తాను. రంగుల జారుడుబల్ల పెట్టిద్దాం. ఏమంటారు?"

"ఆయ్... పిల్లలకి ఇసుకంటే ఇష్టమండీ," అని నసిగింది పుష్పలత.

"ఇష్టమేనమ్మా, పురుగూ పుట్రా వస్తేనో?"

"ఆయ్, నిజమేనండీ."

అయిపోయింది! పైగా కాఫీ ఇచ్చి మరీ పంపింది, మహాతల్లి. ఏంజెల్ సంగతి మాత్రం ఎత్తనేలేదు.

తల్లులైతే సంబరపడిపోయారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల టీచరుగారూ! ఇంక గౌన్లు ఉతకలేక చావక్కర్లేదు," అన్నారు. ఏంజెల్ తల్లి క్రిస్టీనా ఒక్కతే తల దించుకుంది. ఆమె మొగుడికి పని రాజుగారి తోటలోనే మరి.

ట్రాక్టరు వచ్చి ఇసుక ఎత్తుకుపోయింది. మాను ముక్కలై పొయ్యిల్లోకి పోయింది.

ప్రారంభం నాడు ఎండ మండిపోతోంది. రిబ్బను కత్తిరించగానే పిల్లలు జారుడుబల్ల మీదికి ఎగబడ్డారు. కాళ్లు కాలి, కేకలేస్తూ నీడకి పరిగెత్తారు. ఏంజెల్ గుమ్మంలో నిలబడి ఒక్క పాదం సిమెంటు మీద మోపి, చటుక్కున వెనక్కి తీసుకుంది. గోడ పట్టుకుని కూలబడి పుష్పలత కొంగు లాగింది.

"టీచర్, ఇసుకేదీ?"

పుష్పలతకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే సుబ్బరాజుగారు వచ్చి పిల్లదాని తల నిమిరారు.

"ఎలా ఉంది టీచరమ్మా, బాగుందా?"

చెప్పేద్దామనే నోరు తెరిచింది ఆవిడ. దేవుడి తోడు, చెప్పేద్దామనే.

"ఆయ్. చాలా బాగుందండీ."