ఇంతెఖాల్ అంటే బదిలీ

నిన్ననే పోయాడని చెబితే సరిపోతుంది, తారీఖు ఎవరు అడుగుతారు, ఆధార్ తియ్యమ్మా అంటున్నాడు కండక్టర్, సాదియా బ్యాగులో చెయ్యి పెడితే కార్డు తగల్లేదు, ప్రపంచ సంస్కృతుల నోట్సు తగిలింది, దాన్ని కిటికీలోంచి అవతల పారెయ్యాలనిపించింది, కార్డు దొరికింది, జీరో టికెట్ చేతికొచ్చింది, కరీంనగర్ నుంచి మెట్‌పల్లి, ఆడపిల్ల ఎంత దూరమైనా ఉత్తగా పోవచ్చు, చావు కబురు మోసుకుని కూడా పోవచ్చు, పొద్దున పదిన్నరకు యూనివర్సిటీలో క్లాసు మధ్య ఫోను వణికింది, అమీర్ భాయ్, మేనమామ కొడుకు, గల్ఫ్‌లో డ్రైవరు, మా పక్క గల్లీ అంబదాసన్న ఏ కంపెనీకి మారాడో జర కనుక్కో భాయ్ అని నాలుగు రోజుల కింద తనే అడిగింది, కనుక్కున్నాడు, ఏడికి మారుడు సాదియా, ఆయన పోయి పదిహేడొద్దులైంది, పని కాడనే గుండె ఆగింది, ఇంటోళ్లు జవాబియ్యలేదని కంపెనోళ్లు పది దినాలు సూసి ఈడనే మట్టి చేసిన్రు, మీకు పంపిన కాగితంల రాసే ఉన్నది గద అన్నాడు, రాసే ఉంది, ఒకే ఒక్క మాట, దాన్ని చదివింది తనే.

ఆ ఆదివారం హాస్టల్ నుంచి ఇంటికి వచ్చి ఉంది, కమలవ్వ చెప్పుల్లేకుండా గల్లీ దాటి వచ్చింది, బీడీలు చుడుతూ చుడుతూ లేచినట్టుంది, చీర కుచ్చిళ్ల నిండా తంబాకు, వెనక కోడలు తిరుమల, అంబదాసన్న భార్య, ఫోను రెండు చేతులతో పట్టుకుని, కంపెనోళ్లు ఏందో అరబ్బీ కాగితం ఫోటో పంపిన్రు బిడ్డా, మావోడు నిన్నటిసంది ఫోన్ ఎత్తుతలేడు, జర సదివి చెప్పు అంది, ముందు దాదీ చెయ్యి చాపింది, మహబూబ్‌బీ దాదీ, నాయనమ్మ, బడి మొహం ఎరగదు గానీ ఖురాన్ చదువుతుంది, ఉర్దూ ఉత్తరాలు చదువుతుంది, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇంతెఖాల్ అంది, మెల్లగానే అంది, కానీ నలభై ఏళ్లుగా పక్క గల్లీలో బతికిన కమలవ్వకు ఆ మాట కొత్తా, దాదా పోయిన రోజు మసీదు మైకులో విన్న మాటే, ఇంతెఖాల్ అంటే చావు, కమలవ్వ గుమ్మంలోనే కూలబడింది, తిరుమల చేతులు గోడకేసి కొట్టుకుంటే గాజులు పగిలాయి, అప్పుడు లాక్కుంది తను ఫోను, ఆగుండ్రి ఆగుండ్రి, ఎవ్వరు పోలే, ఇది అరబ్బీ, ఉర్దూ కాదు, అరబ్బీల ఇంతెఖాల్ అంటే బదిలీ, ఒక కాడికెల్లి ఇంకో కాడికి మారుడు, అన్నను వేరే కంపెనీకి మార్చిన్రు, గంతే.

బదిలీ, ఎంత సులువుగా వచ్చింది నోటికి, ఆ వారమే కదా పర్శరాములు సార్ ఆ మాటను బోర్డు మీద రాసింది, సూడుండ్రి, మాట ఒక్కటే, సముద్రానికి అవతల మారుడు, ఇవతల సచ్చుడు, మన కండ్లద్దాలు పెట్టుకుని ఎదుటోళ్ల సంస్కృతిని సదివితే బోర్లా పడతం అన్నాడు, తను రెండు గీతలు గీసి మరీ రాసుకుంది, గల్ఫ్‌లో ఆరు దేశాలు, ఆరు రాజధానులు, ఎక్కడ ఏ చట్టమో గడగడా అప్పజెబుతుంది, మస్కట్ పోయినా కువైట్ పోయినా మెట్‌పల్లి వాళ్లకు దుబాయ్ పోయినట్టే, ఆ మాట విన్నప్పుడల్లా లోపల నవ్వుకునేది, తనకు మ్యాపు తెలుసని, ఆ రోజు దాదీ మాత్రం ఫోను మీంచి వేలు తియ్యలేదు, ఇది మనోళ్ల చేతిరాత బేటీ, పైన అచ్చు అరబ్బులది గాని రాసిన చెయ్యి మనది, అక్షరాలు ఎట్ల వాలుగ కిందికి జారినయో సూడు, నీకు తెల్వదు దాదీ నువ్వు ఊకో, అని అందరి ముందూ అంది, దాదీ కళ్లద్దాలు తీసి లోపలికి వెళ్లిపోయింది, చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా, అమీర్ భాయ్ పొద్దున చెప్పింది కూడా ఇదే, ఆ ఆఫీసుల రాసేటాయన హైదరాబాదాయన, అరబ్బీ రాదు, ఉర్దూలనే రాస్తడు.

జగిత్యాలలో బస్సు ఆగింది, ఎవరో ముసలాయన జరగమ్మా అన్నాడు, జరిగింది, ఆ ఆదివారం సాయంత్రం తిరుమల వదిన అబ్బా దుకాణానికి వచ్చింది, అబ్బా, గులాం నబీ, ముప్పై ఏళ్లుగా మెట్‌పల్లి ఆడవాళ్లకు గాజులు తొడుగుతున్న మనిషి, చెయ్యి చూసి సైజు చెబుతాడు, ఆకుపచ్చ గాజులు డజను తీసి తనే తొడిగాడు, పైసలు తీసుకోలేదు, నా బిడ్డ సదువు ఇయ్యాల అక్కరకొచ్చిందమ్మా అన్నాడు, వదిన ఏడుస్తూ నవ్వింది, నిన్న ఆదివారం కూడా అవే గాజులతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, కొత్త సిమ్ము దొరకలేదేమో గద సాదియా, దొరికిన్నాడు ఆయనే చేస్తడు, అవును వదినా చేస్తడు అంది తను, మొన్న మంగళవారం పోచమ్మకు మొక్కు చెల్లించి కోడిని కోశారట, కొడుకు క్షేమంగా ఉన్నందుకు, వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే మంగళవారం అంబదాసన్నకు పదకొండో రోజు, పిండం పెట్టాల్సిన రోజు కోడికూర తిన్నారు, తినిపించింది ఎవరు, నువ్వే, కిటికీ ఊచకు తల ఆనించింది, బస్సు కుదుపుకి ఊచ తలకు కొట్టుకుంటూనే ఉంది, తియ్యబుద్ధి కాలేదు.

తారీఖు ఎవరు జూస్తరు అన్నాడు అమీర్ భాయ్, ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి, నిన్ననే పోయిండని చెప్పు, ఈడి చట్టం అంతే, ఎమ్మటే మట్టి చేస్తరని చెప్పు, నువ్వు గవే సదువుతున్నవు, నీ మాట ఎవరు కాదంటరు, నీ మీదికి రాదు, పరేషాన్ గాకు, నిజమే, ఎవరూ కాదనరు, అంతర్జాతీయ వ్యవహారాలు చదివే పిల్ల అక్కడి చట్టం ఇదీ అంటే మెట్‌పల్లిలో ఎదురు చెప్పేదెవరు, కమలవ్వ నమ్ముతుంది, నిన్నటి నుంచి లెక్కపెట్టి దినాలు చేస్తుంది, ఏటేటా ఆ తిథికి కొడుకు పేర అన్నం పెడుతుంది, వాడు పోని రోజున పెడుతుంది, పోయిన రోజున పొయ్యి మీద ఏం వండుతుందో, బతికినన్నాళ్లూ అంతే, దానివల్ల ఎవరికేం నష్టం, కాకికి క్యాలెండర్ తెలుసా అని ఒక పాడు ఆలోచన వచ్చింది, తన మీద తనకే అసహ్యం వేసింది, నిజం చెబితే మాత్రం శవం వస్తుందా, రాదు, కానీ వచ్చేది, ఆ ఆదివారమే చెప్పి ఉంటే పది రోజులు టైము ఉంది, జవాబిచ్చి ఉంటే పెట్టెలో వచ్చేవాడు, తల్లి ఒక్కసారి మొహం చూసుకునేది, మంట పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు ఏ ఇసుకలో ఉన్నాడో, కోరుట్ల దాటింది, ఇంకో అరగంట కూడా లేదు.

మెట్‌పల్లి బస్టాండు, దిగింది, కాళ్లు వాటంతట అవే గల్లీ పట్టాయి, దాదీని వెంట తీసుకెళ్దామా, వద్దు, ఏ మొహంతో పిలుస్తావు, కమలవ్వ వాకిట్లో కూచుని ఆకు కత్తిరిస్తోంది, తలెత్తి చూసి మొహమంతా నవ్వింది, వచ్చినవా బిడ్డా, సోమవారం వచ్చినవేంది, అమీర్ ఫోన్ చేసిండా, ఏ ఊరికి మార్చిన్రట మావోన్ని, నీడ పట్టున పనేనట్నా, లోపలి నుంచి తిరుమల పరుగున వచ్చి గడపలో నిలబడింది, ఇద్దరూ తన నోటి వంకే చూస్తున్నారు, అక్కడి చట్టం ఏందంటే కమలవ్వా, అని మాట నాలుక చివరికి వచ్చేసింది, ఎంత చక్కగా వచ్చింది, అచ్చం బదిలీ అన్న మాట వచ్చినట్టే, అక్కడ ఆగిపోయింది సాదియా, కాగితం కింద ఫోను నంబరు ఉంది కదా, గీ నంబర్‌కు ఒక్కసారి చెయ్యరాదు బిడ్డా అని ఆ రోజు కమలవ్వ బతిమాలింది కదా, అది పాత కంపెనీది, ఇగ వాళ్లతోని ఏం పని అని ఎందుకంది తను, నమ్మకమే ఉంటే చెయ్యడానికేం, పదిహేను రోజుల్లో ఒక్కసారి, ఒక్క నిమిషం, ఎందుకు చెయ్యలేదు, ఫోను అంత తొందరగా ఎందుకు లాక్కుంది, ఉర్దూ రాత తను చూడనిదా, దాదీ ఒళ్లో కూచుని పలక మీద దిద్దుకున్నది ఆ వాలు రాతే, చూడగానే తెలిసింది, దాదీకి తెలిసినంత బాగా తెలిసింది, ఆ ఇద్దరి మొహాలు చూసి చావు అన్న మాట తన నోటితో అనలేక, దాక్కోవడానికి చోటు వెతుక్కుంది, సారు చెప్పిన పాఠం చేతికి అందింది, తప్పు చదవలేదు తను, సరిగ్గానే చదివింది, చదివి తప్పించుకుంది, ఇప్పుడు మళ్లీ తప్పించుకోబోతోంది, కింద కూచుంది, కమలవ్వ చేతిలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది, అంబదాసన్న సచ్చిపోయిండు కమలవ్వా, ఇయ్యాల్టికి పదిహేడొద్దులు, గా ఆదివారమే నాకు ఎరుకైంది, సదివిన, సదివి నీకు అబద్ధం చెప్పిన.