మెట్లమీద ఎవరూ లేరు

శుక్రవారం మధ్యాహ్నం ఆట పన్నెండున్నరకి. ఆపరేటరమ్మ మాత్రం పదింటికల్లా హాలు పైనున్న మెషీను గదిలో ఉండేది. రీళ్ళు డబ్బాల్లోంచి తీసి, ఒక్కొక్కటీ చేత్తో తిప్పుతూ, వేలికి గరుకు తగిలినచోట ఆపి, చిరిగిన అంచు బ్లేడుతో కోసి జిగురుపెట్టి అతికించేది. ఎప్పుడూ అదే సినిమా, అవే చిరుగులు. వారంవారం కోయగా కోయగా నాయకుడు మీసం దువ్వుకునే సీను మొత్తానికే మాయమైపోయింది. అందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు.

అది దెయ్యం సినిమా. భయపెట్టే దెయ్యం కాదు, ఏడిపించే దెయ్యం. వస్తానని చెప్పి వెళ్ళినవాడికోసం ఒక పిల్ల పాతబంగళాలో ఎదురుచూస్తూ చచ్చిపోతుంది. చచ్చాక కూడా చూస్తూనే ఉంటుంది. చివరికి వాడు తల నెరిశాక వచ్చి, కిందనుంచి పేరుపెట్టి పిలిస్తే, దీపం పట్టుకుని మెట్లు దిగి వస్తుంది. ఇంతే కథ. ఈ మాత్రానికి నలభై ఏళ్ళుగా జనం విరగబడి వస్తున్నారు. రంగుల సినిమాలు వారానికొకటి వచ్చి పోతున్నా శుక్రవారం మధ్యాహ్నం దీనిదే. అమ్మమ్మల చేయి పట్టుకుని వచ్చిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెస్తున్నారు. మెట్ల సీను రాగానే హాలంతా ఒక్కసారి ముక్కు చీదుతుంది. అది వింటే ఆపరేటరమ్మకి ఒళ్ళు మండిపోయేది. అంతకన్నా మంట ఏమిటంటే, ఆ దీపం పైమెట్టుమీద కనిపించగానే ఆమె చేతిలో పని కూడా ఆగిపోయేది. యాభై ఒక్క ఏళ్ళొచ్చాయి, ఆ సినిమాలో ఏ అతుకు ఎక్కడుందో తెలుసు, అయినా ఆగిపోయేది.

ఇంటర్వెల్లో ఆ దెయ్యం బయటికొచ్చేది. తెర పక్క తలుపులోంచి వచ్చి, వరండాలో గ్లాసుడు నీళ్ళు తాగి, బెంచీమీద కూర్చునేది. ఆవిణ్ణి అందరూ మెట్లావిడ అనేవాళ్ళు. రంగురంగుల బట్టల మధ్య ఆవిడ ఒక్కతే నలుపూ తెలుపుల్లో ఉండేది. టీ అమ్మే ఆయన ఆవిడకోసం బెంచీ తుడిచి ఉంచేవాడు. పక్కనున్నవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చి, "ఈ ఏడు ఉక్క ఎక్కువగా ఉందండీ" అనేవాళ్ళు. రెండో బెల్లుకి ఆవిడ లేచేది. "ఆవిడ లోపలికెళ్ళిందా?" అని మేనేజరు కేకేస్తే, టీ ఆయన "వెళ్ళిందండీ" అన్నాకే ఆపరేటరమ్మ మెషీను వేసేది. ఆ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు.

కింద టిక్కెట్ల కిటికీలో ఆపరేటరమ్మ చెల్లెలు కూర్చునేది. అసలు కోపమంతా అక్కడ ఉంది. పన్నెండేళ్ళ కిందట మందుల కంపెనీ ఏజెంటు ఒకడు ఆరునెలలపాటు ప్రతి శుక్రవారం వచ్చి ఈ సినిమా చూశాడు. బదిలీ అయి వెళ్ళిపోతూ ఆ కిటికీలోకి వంగి, "ఆవిడలాగే నాకోసం ఉంటావు కదూ, నేను వస్తాను" అన్నాడు. అప్పటినుంచి ఏడాదికొక కార్డు. 'కొంచెం ఓపికపట్టు' అని ఒకే ముక్క, కింద చిరునామా కూడా ఉండదు. చెల్లెలికి ముప్పై ఆరు నిండాయి. ఓపిక మాత్రం నిండుకోలేదు.

ఆ వారమే పక్క ఊరి కుట్టుబడినుంచి ఉత్తరం వచ్చింది. చెల్లెలి చేతికుట్టు ఎవరి దగ్గరో చూసి, టీచరుగా రమ్మన్నారు. ఉండడానికి గది ఇస్తారు, సోమవారం పొద్దున్నకల్లా చేరాలి. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు.

"రానని రాసేశాను" అంది చెల్లెలు, శుక్రవారం టిక్కెట్లు సర్దుకుంటూ.

"ఎందుకని?"

"ఆయన వచ్చేసరికి నేనిక్కడ లేకపోతే ఎలా అక్కా?"

"పన్నెండేళ్ళనుంచి వస్తూనే ఉన్నాడుగా. నడిచి వస్తున్నాడేమో."

"వెటకారం చెయ్యకు. మెట్లావిణ్ణి చూళ్ళేదా? చివరికి వాడు వచ్చాడా లేదా?"

"అది సినిమా."

"మరి నువ్వెందుకు ప్రతివారం పని మానేసి చూస్తావు?"

రానని రాసిన ఉత్తరం సొరుగులో ఉంది. ఆట వదలగానే పోస్టులో వేస్తానంది చెల్లెలు.

మొదటి సగం నడుస్తున్నంతసేపూ ఆపరేటరమ్మ మెషీను గదిలో కుర్చీలో కూర్చోలేకపోయింది. పైఅరలో ఉన్న చిన్న రేకుడబ్బా వైపు చూసింది, చూపు తిప్పుకుంది, మళ్ళీ చూసింది. ఆ డబ్బా వాళ్ళ నాన్నది. ఆయనే ఈ హాలుకి మొదటి ఆపరేటరు. సినిమా కొత్తలో ఆరో రీలులో ఇంకో సీను ఉండేది. నాయకుడు వేరే ఊళ్ళో పెళ్ళాంతో కూర్చుని భోంచేస్తుంటాడు. బల్ల ఊగుతుంటుంది. వాడు జేబులోంచి ఈ పిల్ల రాసిన ఉత్తరం తీసి, విప్పకుండానే మడిచి, బల్లకాలి కింద పెడతాడు. బల్ల ఊగడం ఆగుతుంది, వాడు ఇంకొంచెం అన్నం వడ్డించుకుంటాడు. అది చూసి మొదటివారం జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఆ ముక్క కోసెయ్యమన్నాడు యజమాని. కోశాక, వాడెక్కడో ఓడ మునిగి చిక్కుకుపోయాడని జనం తమంతట తామే అనుకుని, హాయిగా ఏడవడం మొదలుపెట్టారు. కోసిన ముక్క పారెయ్యకూడదు, మళ్ళీ అతికించనూకూడదు. అది నాన్న పెట్టిన పద్ధతి.

చెల్లెలు పుట్టకముందు సంగతి ఇది. అలాంటి సీను ఒకటి ఉండేదని కూడా దానికి తెలియదు. మరి చెప్పవలసింది ఎవరు? కోసింది నాన్న, ఇన్నేళ్ళూ దాచింది తను. ఆ ఏజెంటుమీద, దెయ్యంమీద, ముక్కు చీదే జనంమీద ఉన్న కోపమంతా తిరిగొచ్చి ఆపరేటరమ్మ నెత్తినే పడింది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఆమె రేకుడబ్బా చంకలో పెట్టుకుని గబగబా కిందికి దిగింది. ఆ టైములో ఆమె కిందికి రావడం ఎవరూ చూసి ఎరగరు. టీ ఆయన గ్లాసు కడుగుతూ ఆగిపోయాడు.

"నీవల్ల నా చెల్లెలి బతుకు పాడైపోతోంది" అంది ఆపరేటరమ్మ, బెంచీ ముందు నిలబడి. "చచ్చినా కదలకుండా కూర్చోవడం నేర్పావు దానికి. నువ్వంటే దెయ్యానివి, నీకు తిండీ గూడూ అక్కర్లేదు. దానికి అక్కర్లేదా?"

మెట్లావిడ గ్లాసు కింద పెట్టింది. ఆపరేటరమ్మ చిన్నపిల్లగా ఆ బెంచీ కింద ఆడుకుంటున్నప్పటినుంచీ ఎరుగును ఆవిడ.

"నేనేం నేర్పానే చిన్నదానా? నాకు మాత్రం ఎవరు చెప్పారు? ఆరో రీలులో నేను లేను కదా. వాడు ఎక్కడికెళ్ళాడో, ఏం చేశాడో మీరందరూ చూస్తారు. నేనెప్పుడు చూశాను?"

"ఎవరూ చూడకుండా కోసి దాచాం" అంది ఆపరేటరమ్మ, డబ్బా మూత తీసి. "ఇదిగో, చూడు."

మెట్లావిడ ఫిల్ము ముక్కని గుమ్మం దగ్గరి ఎండకి ఎత్తిపట్టుకుని, ఒక్కొక్క బొమ్మే చూసుకుంటూ పోయింది. టీ ఆయన కూడా ఆవిడ భుజంమీదుగా తొంగిచూశాడు. వరండాలో ఎవరి టీ వాళ్ళు తాగుతున్నారు.

"నా ఉత్తరమే" అంది ఆవిడ చివరికి. "నాలుగు పేజీలు రాశాను. బల్లకాలికి సరిపోయిందన్నమాట."

రెండో బెల్లు కొట్టారు. ఆవిడ లేవలేదు.

"వెళ్ళవా?"

"వెళ్ళను. నలభై ఏళ్ళుగా ఆ మెట్లు దిగీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. పిలుచుకోనీ."

"ఆవిడ లోపలికెళ్ళిందా?" అని కేకేశాడు మేనేజరు. టీ ఆయన మెట్లావిడ మొహం చూశాడు, ఆపరేటరమ్మ మొహం చూశాడు. "మీరు వేసెయ్యండమ్మా" అన్నాడు.

ఆ రోజు చివరి రీలులో నాయకుడు తల నెరిసి వచ్చాడు. మెట్ల కింద నిలబడి పేరుపెట్టి పిలిచాడు. ఎవరూ రాలేదు. పైమెట్టుమీద చీకటి తప్ప ఏమీ లేదు. వాడు మాత్రం తన మాటలు తను చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ జవాబు చెప్పవలసినచోట ఆగి, తల ఊపి, మళ్ళీ మొదలుపెట్టాడు. చేతులు చాచి గాలిని కౌగలించుకుని, "నువ్వేమీ మారలేదు" అన్నాడు. ఎవరూ ముక్కు చీదలేదు. "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది ముందు వరుసలో ఒక పెద్దావిడ, బిగ్గరగానే. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ సీనుకి ఎప్పుడూ వచ్చినట్టే చెల్లెలు వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. దీపాలు వెలిగేదాకా కదల్లేదు. తర్వాత మెషీను గదికి వచ్చింది. చేతిలో కుట్టుబడికి రాసిన ఉత్తరం రెండు ముక్కలై ఉంది.

"నీ పెద్ద సంచి ఇస్తావా?"

"తీసుకో. నీకొక సంగతి చెప్పాలి."

"టీ ఆయన ఆ ముక్క చూపించాడు." చెల్లెలు ఉత్తరం ముక్కలు చెత్తబుట్టలో పడేసింది. "ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉంది కదా. నేను కింద, అది పైన. నీమీద కోపం పోవడానికి చాలా రోజులు పడుతుందక్కా."

"పట్టనీ" అంది ఆపరేటరమ్మ. "అక్కడ కూర్చుని కోప్పడు. ఇక్కడ వద్దు."

సంచి భుజాన వేసుకుని వెళుతున్న చెల్లెల్ని బెంచీమీంచి మెట్లావిడ ఆపింది. "ఆ టిక్కెట్ల గది తాళంచెవి ఇచ్చి వెళ్ళమ్మా" అంది.

నాన్న పద్ధతి కాదని, మర్నాడే ఆపరేటరమ్మ ఆ ముక్కని ఆరో రీలులో అతికించేసింది. ఈసారి కుర్చీలు విరగలేదు. జనం తగ్గకపోగా పెరిగారు. ఖాళీ మెట్లు చూడడానికి పక్క ఊళ్ళనుంచి కూడా వస్తున్నారు. టిక్కెట్లు నలుపుతెలుపుల చేయి ఇస్తుంది, అందరూ తీసుకుంటారు. కుట్టుబడినుంచి రెండు లైన్ల ఉత్తరం వచ్చింది: 'నా గదికి కిటికీ ఉంది. కోపం సగం పోయింది.'

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం పదిన్నరకి, జుట్టుకి నల్లరంగు వేసుకున్న మనిషి ఒకడు టిక్కెట్ల కిటికీలోకి వంగాడు.

"ఇక్కడ ఒకమ్మాయి ఉండాలి. నేను వచ్చానని చెప్పండి."

మెట్లావిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "మీ బల్ల మళ్ళీ ఊగుతోందా బాబూ?" అని అడిగి, కిటికీ తలుపు వేసుకుంది.

అతనికి అర్థం కాలేదు. హాల్లోకి వచ్చి, మెషీను గదికి వెళ్ళే మెట్ల కింద నిలబడి, తల పైకెత్తి చెల్లెల్ని పేరుపెట్టి పిలిచాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మంచి గొంతు, ఒప్పుకోవాలి. పైన ఆపరేటరమ్మ ఆరో రీలు తిప్పుతోంది. బల్లకాలి సీను దగ్గర అంచు కొంచెం చిరిగింది. మూడోసారి పిలుపు వినిపించినప్పుడు ఆమె జిగురు రాస్తోంది. చేయి ఆగలేదు.