శుక్రవారం చల్లారే కొలిమి

రేవు పక్కన పాతపట్నంలో జిలానీ బాషా కొలిమి ఉండేది. మరపడవల అడుగున నీళ్ళలో తిరిగే ఇత్తడి పంకాలు పోసేవారు. అక్కడ మట్టి కలిపి మేస్త్రికి అందించడం నా పని. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో మా మేస్త్రి అటు వెళ్ళిపోయాడు. కొలిమి లోపలి ఇటుకలు అప్పటికే అరిగి రాలుతున్నాయి.

"ఈసారి లోపలి గోడ నువ్వే కట్టు కాశమ్మా" అన్నాడు బాషా.

సంతోషం కన్నా భయమే ఎక్కువైంది. ఇత్తడి కరుగుతున్న మూస మీద గోడ కూలితే, ఇటుక మంచిది కాదని ఎవరూ అనరు. ఆడదాని చేత కట్టించాడంటారు. నన్ను మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

ఇటుకల వ్యాపారి వీర్రాజు రెండు రకాలు తెచ్చాడు. ఒకటి పసుపుపచ్చటి ఫైర్ క్లే ఇటుక, ఎప్పుడూ వాడేదే. రెండోది తెల్లటి సిలికా ఇటుక.

"తెల్లదే తీస్కో బావా. బొగ్గు కాల్చే పెద్ద పెద్ద కోక్ ఓవెన్లలో ఎడతారు. నీ ఇత్తడి సెగ దీనికో లెక్కేటి?"

బాషా రెండు తెల్ల ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. కంచులా మోగాయి. అతని మొహం వెలిగింది.

"ఆ ఓవెన్లు రోజూ రాజేత్తారా బాబూ?" అని వీర్రాజుని అడిగాను.

"రోజూ ఏటే పిచ్చిదానా! ఒకపాలి రాజేత్తే ఏళ్ళకేళ్ళు ఆరవు."

"మనది వారం వారం ఆరిపోద్ది గదా."

మా కొలిమి శుక్రవారం వెలగదు. గురువారం సాయంత్రం ఆర్పితే శనివారం పొద్దున్నే మళ్ళీ రాజేస్తాం.

"అయితే ఏటి?" అన్నాడు బాషా.

ఏమిటో నాకూ తెలియదు. రెండింట్లోనూ ఒక్కో ముక్క ఇమ్మన్నాను. వాటిని కొలిమి నోట్లో పెట్టి ఎర్రబడనిచ్చాను. పట్టకారుతో తీసి గాలికి వదిలేశాను. చల్లారాక మళ్ళీ పెట్టాను. రెండోసారి చల్లారుతుండగా తెల్ల ముక్క టప్‌మని అంచు విడిచింది. మూడోసారికి రెండు చెక్కలైంది. పసుపుదానికి వెంట్రుకంత గీత పడింది, అంతే.

వీర్రాజు ఒప్పుకోలేదు. "ఇటుకదేటి తప్పు? సుక్రారం కూడా ఆరకుండా సూస్కో బావా."

"నాను నమాజుకెల్తే బొగ్గెవుడేత్తాడు, నువ్వా? సొక్కా నలిగిపోద్దని తట్ట కూడా ముట్టవు!"

బాషా విరిగిన చెక్కను చాలాసేపు చేతిలో తిప్పాడు. నాకు దాని మీద జాలేసింది. చెడ్డ ఇటుకేమీ కాదు. ఆరని మంట దొరికి ఉంటే మా అందరికన్నా ఎక్కువకాలం నిలిచేదే.

"పసుపుదే దించు" అన్నాడు చివరికి.

మూడు రోజులు కట్టాను. మళ్ళీ రాజేశాక మొదటి వారం పోతలన్నీ బాగానే అయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నం బాషా మసీదుకు వెళ్ళాక, చల్లారిన కొలిమిలోకి వంగి ఒక్కో వరసనూ వేళ్ళతో తడిమాను. ఇటుకలు గట్టిగానే ఉన్నాయి. అడుగు నుంచి నాలుగో వరసలో మాత్రం ఒక సందు నోరు తెరిచింది.

చెప్పకుండా పూసేయొచ్చు. అతను తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఒక సందు ఇడిపోయింది బాబూ. ఇటుక కాదు, మట్టి నానే పల్సగా ఎట్టీసేను."

బాషా టోపీ తీసి జేబులో పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

"రేపు రాజేసేలోగా ఆరుద్దా?"

"ఇప్పుడు పూసేత్తే ఆరుద్ది."

"మరి నిలబడిపోనావేటి?" అన్నాడు.