అయిదు మూలల ముడి

చోటే మియా కాగితపు పట్టీకి ముడి వేసి, బొటనవేలి గోటితో గట్టిగా నొక్కాడు. ముడి చదునుగా అణిగి అయిదు మూలలు తేలింది. వలయాన్ని అయిదు సమభాగాలు చేయడానికి అతనికి తెలిసిన లెక్క ఇదొక్కటే. ఎవరు నేర్పారంటే తెల్వదంటాడు. బహుశా పైజామా నాడాయే నేర్పి ఉంటుంది.

గద్వాల పాత బస్టాండు వెనకున్న ఆ లేతు షెడ్డులో అతనికిది ముప్పయి నాలుగో ఏడు. బోర్డు మీద యజమాని బాలరాజు పేరుంది, చనిపోయిన వాళ్ల నాన్న పేరుంది, లక్ష్మీదేవి బొమ్మ ఉంది. చోటే మియా పేరు రాయాలని ఎవరికీ తోచలేదు, అతనికి కూడా.

గీతలు కనబడాలని, చక్రం బిగించే హబ్బు మీద మైలుతుత్తం నీళ్లు పూశాడు. ఇనుము రాగిరంగు తిరిగింది. హబ్బు మధ్యలో ముడిని ఉంచి, ఒక్కో మూల నుంచీ ఉక్కు సూదితో గీత లాగాడు. అయిజ నుంచి గద్వాలకు ప్యాసింజర్లను తోలే వెంకటన్న తన పాత కారుకు స్క్రాపులో నాలుగు చక్రాలు చవగ్గా పట్టుకొచ్చాడు. అవీ అయిదు బోల్టులవే గానీ వాటి బోల్టుల వలయం కారుదానికన్నా అరంగుళం పెద్దది. వేరే హబ్బులు కొనమంటే మొహం చిట్లించాడు. పాత బెజ్జాల నడుమ కొత్తవి వేయాలి. ఆ పాతవేమో వదులు బోల్టులతో తిరిగి తిరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. వాటిని నమ్మి కొలిస్తే కొత్తవీ వంకరే పోతాయి. అందుకే ఈ ముడి.

ఇంత తతంగం ఎందుకు, ఉన్న బెజ్జాలనే గ్యాసు మంటతో పెద్దవి చేసి బిగించమని వెంకటన్న పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నాడు. బాలరాజూ అదే పాట.

"బెజ్జం పెద్దగైతే బోల్టు ఆడుతది సేటూ, ఆడితే ఇరుగుతది" అన్నాడు చోటే మియా తల ఎత్తకుండానే. "దాంట్ల కూసునేటోల్లు మనోల్లే గదా."

చెప్పనిది ఇంకొకటుంది. ఏడాదిగా అతని ఎడమ కంటికి పొగ కమ్మినట్టుంటోంది. ఆ సంగతి భార్య రజియాబీకి తప్ప ఎవరికీ తెలియదు. వనపర్తిలో కంటి శిబిరం పెట్టారు, పోదాం పదమని ఆమె నెల రోజులుగా పోరుతోంది. పోతే ఊరంతా తెలుస్తుంది. చూపు ఆనని లేతు పనివాణ్ణి ఏ షెడ్డులో ఉంచుకుంటారు? అందుకే రోజూ అద్దాలు తుడుచుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

మధ్యాహ్నానికి మూడు హబ్బులు అయ్యాయి. మూడింటికీ చక్రాలు తడుముకోకుండా దిగాయి. నాలుగోదానికి వచ్చేసరికి నాలుగు బోల్టులు దూరి, అయిదోది మొరాయించింది. తేడా బియ్యపు గింజంత. చోటే మియా చక్రం తీసి పక్కన పెట్టి హబ్బు మీదికి వంగాడు. గీతలు చూశాడు, అద్దాలు తుడిచి మళ్లీ చూశాడు. అన్నీ సరిగ్గానే కనిపించాయి. సరిగ్గా కనిపించడమే అతన్ని మరీ భయపెట్టింది.

బాలరాజు వచ్చి చూశాడు.

"నీకు కండ్లు ఆన్తలేవు చాచా. నాకు ఎప్పటిసందో అనుమానమే" అన్నాడు. "ఇగ ఇంటికాడ ఉండు." ఆ ఒక్క బెజ్జాన్నీ గ్యాసుతో సాగదీస్తే కారు ఇవాళే పోతుందన్నాడు.

చోటే మియాకు బాలరాజు మీద కోపం రాలేదు. తన కన్ను మీద వచ్చింది, పెరికి పారేయాలన్నంత కోపం.

"గ్యాసు పెట్టకు సేటూ. పొద్దుగాల వచ్చి కొత్తగ గీస్త. నా తప్పు నన్నే దిద్దుకోనియ్యి."

బాలరాజు గ్యాసు పైపును గోడకు తగిలించాడు. చోటే మియా కాగితపు ముడిని డ్రిల్లింగు మిషను బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక నట్టు ఉంచాడు. చేతులు కడుక్కోకుండానే ఇంటికి నడిచాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. గడపలో కూర్చుని చెప్పులు విప్పుతూ, వనపర్తి శిబిరం ఎన్ని రోజులుంటుందని రజియాబీని అడిగాడు. ఆమె నమ్మలేక రెండుసార్లు చెప్పింది.

పొద్దున ఫజర్ నమాజుకు అతను లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందన్నారు. కాసేపటికి మసీదు మైకులో చోటే మియా పేరు వినిపించింది. గద్వాలలో ఆ పేరు అంత గట్టిగా వినబడడం అదే మొదలు.

మట్టి వేసి బాలరాజు తిరిగి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. షెడ్డు ముందు వెంకటన్న పడిగాపులు పడుతున్నాడు. గ్యాసు వెలిగించబోయే ముందు బాలరాజు చక్రాన్ని ఊరికే ఒక బోల్టు జరిపి ఎక్కించి చూశాడు. ఈసారి నిన్న మొరాయించిన బెజ్జంలో బోల్టు హాయిగా దూరింది. దాని పక్కది పట్టేసింది. మొదటి హబ్బు చక్రం విప్పి తెచ్చి పెడితే అయిదు బోల్టులూ మెత్తగా దిగాయి.

"హబ్బుకేం కాలే. నీ చక్రమే తప్పు" అన్నాడు వెంకటన్నతో. "చాచా గీసింది సరిగ్గనే ఉంది."

అనేసి సిగ్గుతో కింద కూర్చున్నాడు. ముప్పయి నాలుగేళ్లు పనిచేసిన చాచాకు చక్రం జరిపి చూడడం తెలియక కాదు. తప్పు తన కంట్లోనే ఉందని ఏడాదిగా భయపడుతున్నవాడు ఇంకెక్కడా వెతకలేదు.

మిషను బల్ల మీద నట్టు కింద ఆ కాగితపు ముడి అలాగే ఉంది. అయిదు మూలలూ సమంగా ఉన్నాయి, ఒక మూల మీద గోటి నొక్కు, దాని పక్కన మైలుతుత్తం నీలి మరక.